రోహిణి కనబడని కార్తె

మే 25 వచ్చిందంటే జనగామ నుంచి భూపాలపల్లి దాకా అందరి తిట్లూ రోహిణికే. రోళ్లు పగిలే ఎండ అంటారు గానీ, సింగరేణి ఓపెన్‌కాస్ట్ అంచున నిలబడ్డవాళ్లకు ఆ మాట తక్కువే అనిపిస్తుంది. ఇంత పేరుమోసిన చుక్క ఆ రెండు వారాలూ ఎవరికీ కనబడదు. సూర్యుడు దాని దగ్గర ఉండే రోజులే రోహిణి కార్తె మరి! పొద్దుతో పొడిచి, పొద్దుతోనే గుంకుతుంది. ఎండకూ దానికీ సంబంధం లేదు. నడినెత్తిన సూర్యుడు, వాన తడవని నేల చేసే పని అది.

చుక్కలు చూసే పిచ్చి ఉన్న నేను దాన్ని డిసెంబర్‌లో వెతుక్కుంటాను. చీకటి పడేసరికి తూర్పున పిల్లలకోడి, దాని కిందుగా నారింజ రంగులో రోహిణి. మహబూబాబాద్ వైపు మిర్చి చేను గట్టు మీద మా పెద్దబాపుకు చూపించాను. రోహిణిలో దుక్కులు, మిరుగులో విత్తనాలు అని కార్తెలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టే మనిషి. తలెత్తి చూసి, “గీ చుక్కేనా బిడ్డా, మనల్ని సంపేది?” అన్నాడు.

చుక్కను గుర్తుపట్టకపోయినా ఆయన లెక్క తప్పలేదు. తిథులు ఏటా ముందువెనకలవుతాయి. కార్తె సూర్యుడి లెక్క గనుక ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. సేద్యానికి కావలసింది అదే.

ఆ నారింజ రంగు ముసలితనం వల్ల వచ్చింది. నడిగర్భంలో హైడ్రోజన్ అయిపోయి, ఒళ్లు ఉబ్బి, పైభాగం చల్లబడింది. సూర్యుడి పైన 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే దీని మీద 3,600. బరువు సూర్యుడి కంటే కాస్తే ఎక్కువ, వెడల్పు మాత్రం సుమారు 45 రెట్లు. మన సూర్యుడికీ దాదాపు 500 కోట్ల ఏళ్ల తర్వాత ఇదే గతి. దూరం 65 కాంతి సంవత్సరాల పైమాటే. ఇప్పుడు మన కంట పడే వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ మూడూ ఒకే వరంగల్ జిల్లాలో ఉన్నాయి. 2016లో మూడు జిల్లాలయ్యాయి.

చంద్రుడికి 27 మంది భార్యల్లో రోహిణి అంటేనే మక్కువ అన్న కథ చెప్పినవాళ్లు ఆకాశం చూసే చెప్పి ఉంటారు. చుక్క ఆయన దారి పక్కనే ఉంది. కొన్నేళ్ల పాటు నెలనెలా దాన్ని కప్పేస్తూ పోతాడు కూడా. 2015 నుంచి 2018 దాకా ఆ వరస నడిచింది. ఇక మళ్లీ 2030ల్లోనే. ఇంత కథ చెప్పాక పెద్దబాపు అడిగింది ఒక్కటే, అప్పటికి మిర్చి ధర ఎంతుంటదని.