అంతరిక్ష నౌకా క్రీడ: మీటల వెనుక గతిశాస్త్రము

రాకెట్టు నిలువుగా లేచును. మేఘములు క్రిందికి పోవును, ఆకాశము నీలము వదలి నలుపెక్కును, ఎత్తు చూపు అంకెలు నూరు కిలోమీటర్లు దాటును. కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి అంతరిక్షమును జయించితినని సంతోషించును. ఇంతలో ఇంధనము అయిపోవును. అంకెలు పెరుగుట తగ్గి, ఆగి, వెనుకకు నడువ నారంభించును. కొద్ది నిమిషములలో రాకెట్టు బయలుదేరిన చోటికి ఇంచుమించు దగ్గరలోనే వచ్చి పడును. మీటలు ఇంకను పట్టుబడలేదు కాబోలునని విద్యార్థి అనుకొనును.

"కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్" అను కంప్యూటరు ఆటను మొదటిసారి ముట్టిన వారిలో చాలమందికి ఈ అనుభవము కలుగును. మెక్సికో నగరములోని స్క్వాడ్ అను సంస్థ దీనిని 2011లో తొలి రూపమున బయటపెట్టి, 2015లో పూర్తి రూపమున విడుదల చేసెను. ఇందులో రాకెట్టును ముక్కలు కూర్చి నిర్మించుటయు, దానిని నడుపుటయు ఆడువాని పనియే. ఇది చాల కష్టమైన ఆటయని పేరుపడినది. కష్టమెక్కడ ఉన్నదని అడిగినచో మీటలలో అని పలువురు చెప్పుదురు. అది సరికాదు.

మీటలను లెక్కపెట్టి చూడవచ్చును. కీబోర్డుపై డబ్ల్యు, ఎస్ అనునవి నౌక ముక్కును క్రిందికి, మీదికి వంచును. ఏ, డి అనునవి ఎడమకు, కుడికి త్రిప్పును. క్యు, ఇ అనునవి నౌకను తన నిడుపు చుట్టు దొర్లించును. షిఫ్టు ఇంజను జోరును పెంచును, కంట్రోలు తగ్గించును. మాటల మధ్య ఖాళీ వదలుటకు వాడు పొడవైన స్పేసు మీట, ఖాళీయైన అంతస్తును విడదీసి పై అంతస్తును మండించును. టి నొక్కినచో నౌక పెట్టిన దిశయందే నిలిచియుండును. ఎం పటమును చూపును. ఇవి ఒక సాయంత్రపు పని. హార్మోనియము మెట్లు నేర్చుకొనుట ఇంతకంటె కష్టము.

మొదటి రాకెట్టు పడిపోవుటకు ఏ మీటయు కారణము కాదు. ఎత్తునకు పోవుట వేరు, కక్ష్యలో నిలుచుట వేరు. ఈ ఆటలోని భూమికి కెర్బిన్ అని పేరు. దాని వాయుమండలము 70 కిలోమీటర్ల ఎత్తున ముగియును. 80 కిలోమీటర్ల ఎత్తున పడిపోక తిరుగవలెనన్న నౌకకు నేలకు సమాంతరముగా సెకండునకు సుమారు 2,280 మీటర్ల వేగము ఉండవలెను. నిలువుగా లేచిన రాకెట్టునకు ఈ అడ్డువేగము ఎక్కడినుండి వచ్చును? కనుక లేచిన కొద్దిసేపటికే దానిని తూర్పునకు కొంచెము వంచి, ఎత్తు పెరిగిన కొలది మరింత వాల్చుచు పోవలెను. ఇంధనములో అధికభాగము పైకి పోవుటకు గాక ప్రక్కకు పోవుటకే ఖర్చగును. ఈ సంగతి తెలిసిన నాడు విద్యార్థి కక్ష్యను అందుకొనును. వంచుటకు కావలసిన మీట అతనికి మొదటి రోజుననే తెలియును గదా!

తెర అడుగున, నట్టనడుమ, ఒక బంతి కనబడును. సగము నీలము, సగము గోధుమరంగు. నీలము ఆకాశమునకు, గోధుమరంగు నేలకు గుర్తు. బంతి మధ్య నిలిచియుండు గుర్తు నౌక మొన ఎటు చూచుచున్నదో తెలుపును. పసుపుపచ్చని వలయము నౌక ఎటు పోవుచున్నదో తెలుపును. సైకిలు, కారు నడిపినవాడు ఈ రెండును వేరువేరని ఒకంతట నమ్మడు. బండి ముందుచక్రము ఎటు తిరిగిన బండి అటు పోవుట అతని అలవాటు. అంతరిక్షములో మొన త్రిప్పినంత మాత్రమున ప్రయాణము మారదు. ఇంజను మండినప్పుడే మారును.

ఇక ఆ బంతి నెత్తిన వేగము చూపు అంకెలున్నవి. వాటితో ఒక చిన్న మాట కలదు. అది "సర్ఫేస్" కావచ్చును, "ఆర్బిట్" కావచ్చును, వేరొక నౌకను లక్ష్యముగా ఎన్నుకొనినప్పుడు "టార్గెట్" కావచ్చును. అనగా నేల, కక్ష్య, లక్ష్యము. దానిపై నొక్కినచో మాట మారును. మాటతోపాటు అంకెలును మారును, పసుపు వలయమును చోటు మారును. ఇంజను మండలేదు, నౌకపై ఏ బలమును పనిచేయలేదు. అయినను వేగము మారినది! క్రొత్తవాడు ఇది ఆటలోని లోపమని అనుకొనుటలో వింతలేదు.

ఈ ఆటలో కష్టపడి నేర్చుకొనవలసినది ఈ మాట ఒక్కటియే. వేగము దేనిని బట్టి కొలువబడుచున్నదను ప్రశ్నకు అది జవాబు. పాఠ్యపుస్తకములలో నిర్దేశ చట్రము అను పేర కొన్ని పంక్తులలో ముగిసిపోవు విషయము ఇక్కడ వ్రేలి కొనకు వచ్చినది. గెలీలియో 1632లో ప్రచురించిన గ్రంథములో, సాఫీగా పోవు ఓడ గదిని చూపి చెప్పిన సంగతియు ఇదియే.

రాకెట్టు ఇంకను వేదికపై నిలిచియుండగనే దీనిని పరీక్షింపవచ్చును. "సర్ఫేస్" అని ఉన్నప్పుడు వేగము సున్న. "ఆర్బిట్" అని మార్చినచో సెకండునకు 175 మీటర్లు! కెర్బిన్ వ్యాసార్ధము 600 కిలోమీటర్లు. అది 21,549 సెకండ్లలో ఒకసారి తన చుట్టు తాను తిరుగును. చుట్టుకొలతను కాలముచే భాగించినచో ఆ 175 వచ్చును. పదవ తరగతి విద్యార్థి కాగితముపై చేయగల లెక్క. తూర్పునకు పోవు రాకెట్టునకు ఈ వేగము ఉచితముగా లభించును, పడమరకు పోవుదానికి అంతే నష్టము. శ్రీహరికోట వేదికపై నిలిచిన నిజమైన రాకెట్టు కూడ భూభ్రమణము వలన సెకండునకు సుమారు 450 మీటర్ల వేగముతో తూర్పునకు సాగుచునే ఉన్నది.

ఇంత చక్కని సాధనమును చేతికిచ్చిన ఆట దానిని గూర్చి దాదాపు మౌనముగా నున్నది. ఆటలో శిక్షణ పాఠములు లేకపోలేదు. ఎప్పుడు ఏ మీట నొక్కవలెనో, బంతిపై ఏ మాట ఉండవలెనో అవి చెప్పును. ఎందుకో తగినంతగా విడమరచి చెప్పవు. పైగా రాకెట్టు కొంత ఎత్తు పోయిన పిమ్మట ఆ మాట తనంతట తానే "సర్ఫేస్" నుండి "ఆర్బిట్"కు మారును. ఇది సౌకర్యమే. కాని ఉపాధ్యాయుడు ఆగి చెప్పదగిన చోట యంత్రము చప్పుడు చేయక దాటిపోవుట విచారకరము.

ఈ మౌనమునకు వెల రెండు నౌకలను కలుపునప్పుడు తెలియును. రెండు నౌకలు ఒకే కక్ష్యలో, 80 కిలోమీటర్ల ఎత్తున, ఒకదాని ముందు ఒకటి పోవుచున్నవనుకొనుడు. వెనుకనున్నది ముందున్నదానిని అందుకొనవలెను. క్రొత్తవాడు మొనను ముందరి నౌకవైపు త్రిప్పి ఇంజను మండించును. కొంతసేపు దగ్గరపడును. పిమ్మట తన నౌక పైకి లేచి, మెల్లగా వెనుకబడును. మరల మండించును, మరింత వెనుకబడును. కెప్లరు మూడవ నియమము తెలిసినవారికి ఇందులో మాయ లేదు. వేగము పెంచినచో కక్ష్య పెద్దదగును, పెద్ద కక్ష్యను చుట్టివచ్చుటకు ఎక్కువ కాలము పట్టును. కెర్బిన్ చుట్టు 80 కిలోమీటర్ల ఎత్తున ఒక ప్రదక్షిణమునకు 31 నిమిషముల 15 సెకండ్లు పట్టును. 100 కిలోమీటర్ల ఎత్తున సుమారు 32 నిమిషముల 38 సెకండ్లు. క్రింద తిరుగునది ప్రతి చుట్టునకు 83 సెకండ్లు లాభించును. కనుక అందుకొనగోరువాడు ముందుగా వేగము తగ్గించి క్రిందికి దిగవలెను! 70 కిలోమీటర్లకు దిగువ గాలి ఉన్నది గనుక దిగుటకును హద్దు కలదు.

ఈ పొరపాటు ఆటగాళ్లది మాత్రమే కాదు. 1965 జూన్ 3న జెమినీ 4 నౌకలో జేమ్స్ మెక్డివిట్, తమను పైకి చేర్చిన టైటన్ రాకెట్టు రెండవ అంతస్తును సమీపింపవలెనని దానివైపు మొన త్రిప్పి ఇంజనును వాడెను. దగ్గర కాకపోగా అది దూరమయ్యెను. ఇంధనము వృథా అగుచుండుటచే ప్రయత్నమును మానుకొనిరి. ఆరితేరిన విమాన చోదకుని చేతి అలవాటే అక్కడ అడ్డువచ్చినది. అదే సంవత్సరము డిసెంబరు 15న జెమినీ 6 నౌక తక్కువ కక్ష్యనుండి బయలుదేరి, లెక్క ప్రకారము పైకి వచ్చి, జెమినీ 7ను చేరెను.

నౌకలు కొన్ని వందల మీటర్ల దగ్గరకు వచ్చిన పిమ్మట కథ తిరుగబడును. రెండును ఇంచుమించు ఒకే విధముగా భూమివైపు పడుచుండుటచే, ఒకదానినుండి చూచినచో రెండవది నిలిచియున్నట్లే తోచును. బంతిపై "టార్గెట్" అని పెట్టి, ఆ లెక్క ప్రకారము వేగమును సున్న చేసి, చిన్న జెట్లతో గులాబిరంగు గుర్తువైపు మెల్లగా నెట్టినచో నౌక తిన్నగా పోవును. నేలమీది ఇంగితజ్ఞానము మరల పనికివచ్చును. 2025 జనవరి 16న ఇస్రో వారి స్పేడెక్స్ ఉపగ్రహములు రెండు కలిసికొన్నప్పుడు, వెంటపడునది 15 మీటర్ల దూరమున ఒకసారి, 3 మీటర్ల దూరమున మరొకసారి ఆగి పిమ్మట ముందుకు సాగెను. అక్కడ ఆగుట యనగా రెండవ ఉపగ్రహమును బట్టి ఆగుట. భూమిని బట్టి రెండును సెకండునకు ఏడు కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగిడుచునే ఉన్నవి.

ఆటలో అసత్యములును కలవు. కొన్ని క్షమింపదగినవి. కెర్బిన్ మన భూమికంటె చాల చిన్నదైనను గురుత్వము సమానముగా ఉండుటకై దాని సాంద్రతను నీటికి 58 రెట్లు చేసిరి. ఆస్మియము సాంద్రతయే 23 రెట్లకు లోపు! దీనివలన కక్ష్య కొద్ది నిమిషములలో చేతికందును గనుక విసుగు పుట్టదు. రెండవ అసత్యము కొంత హాని చేయును. నౌకపై ఒక సమయమున ఒక్క గోళము ఆకర్షణ మాత్రమే పనిచేయునని ఈ ఆట లెక్క. కనుక లగ్రాంజి బిందువులు ఇందులో లేనే లేవు. 2024 జనవరి 6న ఆదిత్య-ఎల్1 చేరిన స్థానమునకు తన నౌకను పంపవలెనని ముచ్చటపడు విద్యార్థి ఎంత నేర్పరియైనను సఫలుడు కాడు. అది అతని చేతకానితనము కాదని చెప్పువారు ఉండవలెను.

మూడవది మాత్రము క్షమింపరానిది. కాలమును వేగముగా నడుపుటకు ఫుల్‌స్టాపు చుక్క గల మీటను వాడుదురు. నౌక ఎంత జోరుగా గిరగిర తిరుగుచున్నను, ఆ మీట నొక్కి కాలమును పరుగెత్తించిన క్షణమున భ్రమణము నిలిచిపోవును. కోణీయ ద్రవ్యవేగము ఎక్కడికి పోయినదో ఎవరును అడుగరు. ఆడువారు ఇదొక ఉపాయమని ఒకరికొకరు నేర్పుకొందురు. 1966 మార్చి 16న జెమినీ 8లో ఒక చిన్న జెట్టు తెరచుకొనిపోయి నౌక సెకండునకు ఇంచుమించు ఒక చుట్టు చొప్పున తిరుగ నారంభించినప్పుడు, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ భూమికి దిగుటకై దాచియుంచిన జెట్లను మండించి దానిని ఆపవలసి వచ్చెను. ఆ ఇంధనము ఖర్చగుటచే ప్రయాణము అంతటితో ముగించి, నౌకను పసిఫిక్ సముద్రములో దింపిరి. ఆటలో ఆ పనిని చుక్క మీట ఒక్క నొక్కుతో చేయును.