ఉప్పు తాకిన వేరు: ముందుమాట

మొక్కల జీవరసాయనం మీద తెలుగులో పుస్తకం వచ్చిందంటే ముందు నాకు అనుమానమే కలుగుతుంది. పరిభాషను కుప్పపోసి, దాన్నే శాస్త్రం అనుకోమనే పుస్తకాలు చాలా చూశాను. ఈ పుస్తకం ఆ దారిన పోలేదు. రచయిత్రి రేపల్లె శివారు రైతు ఇంటి బిడ్డ, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్నది. తెనాలిలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ముసలివాణ్ణయిన నన్ను నాలుగు మాటలు రాయమన్నది. పెద్దరికం కోసం కాక, పుస్తకం నచ్చే రాస్తున్నాను.

కాల్షియం అనగానే బాపట్ల ఇసుక నేలల రైతుకు జిప్సం గుర్తుకొస్తుంది. వేరుశనగలో ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోలు వేస్తేనే కాయ గట్టిపడుతుందని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. అది ఆహారంగా కాల్షియం. ఈ అమ్మాయి చెప్పేది దాని రెండో పని. కణద్రవంలో కాల్షియం అత్యల్పం, సుమారు 100 నానోమోలార్. కణం గోడలోనూ రిక్తికలోనూ అంతకు వేల రెట్లు ఉంటుంది. ఎక్కువైతే ఫాస్ఫేటుతో కలిసి గడ్డకడుతుంది గనుక కణం దాన్ని అనుక్షణం బయటికి తోడేస్తూ ఉంటుంది. చలి, ఉప్పు, తెగులు, పురుగు కాటు, ఏది తగిలినా క్షణాల్లో ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. 2014లో సైమన్ గిల్‌రాయ్ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క వేరుకు ఉప్పు తాకించి చూసింది. ఆ కాల్షియం అల సెకనుకు సుమారు 400 మైక్రోమీటర్ల వేగంతో, అంటే నిమిషానికి రెండు సెంటీమీటర్లు దాటి, పైకి పాకింది. నరాలు లేని జీవికి అది చిన్న వేగం కాదు.

అల వచ్చింది సరే, దాన్ని చదివేదెవరు? ఈ పుస్తకానికి నాయకులు వారే: కాల్షియం మీద ఆధారపడే ప్రొటీన్ కైనేజులు (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించి వాటి పనిని మార్చే ఎంజైములు), పొట్టిగా సీడీపీకేలు. జంతువుల్లో కాల్షియాన్ని పసిగట్టే కాల్మోడ్యులిన్ వేరు, అది చెప్పిన పని చేసే కైనేజు వేరు. మొక్కలోని సీడీపీకేల్లో ఆ రెండు పనులూ ఒకే అణువులో అతుక్కుని ఉన్నాయి. దుగ్గిరాల లాకుల దగ్గర లస్కరు నీటిమట్టం కొలిచి, ఆఫీసుకు కబురంపి జవాబు కోసం కూర్చోకుండా తానే తలుపు ఎత్తేస్తే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. సోయాచిక్కుడులో ఈ ఎంజైమును ఆలిస్ హార్మన్, ఆమె సహచరులు 1987లో వేరుచేసి వర్ణించారు. 1991లో జన్యువు చదివితే ఈ జోడింపు బయటపడింది. మన దేశంలో మైత్రేయీ దాస్‌గుప్తా 1994లో వేరుశనగ గింజల్లోని కైనేజు లక్షణాలను వివరించారు. అరబిడాప్సిస్‌లో ఇవి 34, వరిలో సుమారు 30. పత్రరంధ్రాలు మూయించేది ఒకటైతే, పుప్పొడి నాళం పెరుగుదలను నడిపేది మరొకటి. మనిషికి ఇవి లేవు, మలేరియా పరాన్నజీవికి ఉన్నాయి. అందుకే మందుల పరిశోధకులూ వీటి మీద కన్నేశారు. ఆ కథకు రచయిత్రి ఇచ్చిన నాలుగు పేజీలు చాలా బాగున్నాయి.

అయితే పుస్తకానికి ప్రాణం ఉప్పు మీద రాసిన అధ్యాయం. రేపల్లె, నిజాంపట్నం వైపు కాలువ శివారు భూములు తెలిసినవారికి ఆ అధ్యాయం ఎందుకంత పెద్దదో అర్థమవుతుంది. కాలువ నీరు ఆలస్యమైతే మురుగు కాలువలోంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది, నారు కొసలు మాడిపోతాయి. 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు వరిలో ఒక సీడీపీకేను ఎక్కువగా తయారయ్యేట్టు చేస్తే ఆ మొక్కలు చలికీ ఉప్పుకూ బెట్టకూ మెరుగ్గా తట్టుకున్నాయి. ఇంకొకరైతే ఇక్కడే చప్పట్లు కొట్టించుకుని అధ్యాయం ముగించేవారు. ఈ అమ్మాయి 2012 నాటి మరో ఫలితాన్ని పక్కన పెట్టింది. ఓఎస్‌సీపీకే12 అనే మరో సీడీపీకేను పెంచిన వరి ఉప్పును బాగానే తట్టుకుంది, కానీ అగ్గితెగులుకు మరింత లొంగిపోయింది. ఆ కైనేజు కణంలో హైడ్రోజన్ పెరాక్సైడు పేరుకోకుండా చూస్తుంది. ఉప్పు దెబ్బలో అది విషం గనుక మేలు జరిగింది. అగ్గితెగులు తెచ్చే శిలీంధ్రం మీద పోరులో అదే ఆయుధం. ఆయుధం తగ్గడమే తెగులు పెరగడానికి ఒక కారణం కావచ్చు.

ఈ లాభనష్టాల లెక్క బాపట్లకు పరాయిది కాదు. 1986లో అక్కడినుంచి విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి, అన్నానికి ఎంత పేరు తెచ్చుకుందో అగ్గితెగులుకూ ఎండాకు తెగులుకూ అంత తేలిగ్గా చిక్కుతుంది. ఎండాకు తెగులుకు పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి, మెరుగైన సాంబ మసూరిని తెచ్చాయి. అది 2008లో విడుదలైంది. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ21 తయారుచేసేది కూడా ఒక కైనేజే. సీడీపీకేల కుటుంబం కాదు, కణం పైపొర మీద కాపలా కాసే మరో జాతి. కైనేజు అనే మాట వినని రైతు కూడా దాని ఫలితాన్ని కోతకోసి ఇంటికి తెచ్చుకున్నాడన్నమాట. ఈ సంగతి చెప్పిన తీరుకే పుస్తకం కొనవచ్చు.

లోపం చెప్పకపోతే పీఠికకు విలువ లేదు. మూడో అధ్యాయంలో సీపీకే 3, 4, 11, 21, 23 అంటూ సీడీపీకేల అంకెలు ముసురుకుంటాయి, ఏది ఎక్కడ పనిచేస్తుందో ఒక పట్టిక వేసి ఉండవలసింది. వేరు బుడిపెల్లో ఈ కైనేజుల పాత్రను రెండు పేరాల్లో ముగించడం, వేరు బుడిపెలు కట్టే మినుమును వరి మాగాణిలో చల్లే ఈ ప్రాంతానికి అన్యాయమే.

రెండో కూర్పులో ఆ రెండూ సరిచేయమని అడుగుతున్నాను. అమ్మాయికి మరో పనీ అప్పగిస్తున్నాను. ఉప్పుకు ఓర్చే జన్యువు అంటూ ఎవరు ఏ వంగడం తెచ్చినా, అగ్గితెగులు వచ్చే మడిలో కూడా దాన్ని పరీక్షించారా అని ముందు అడగాలి. ఆ ప్రశ్న వేయగలిగిన చదువు ఈ పుస్తకంలో ఉన్నది. విద్యార్థులూ, వ్యవసాయాధికారులూ, చదువుకున్న రైతులూ దీన్ని ఆదరించాలని, రచయిత్రి కలం ఇంకా సాగాలని నా ఆశీస్సులు.

తెనాలి