ఆరువందల లెన్సు పట్టే చెయ్యి

ఒక వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ పనితనం తెలియాలంటే అతని ఫోటోలు చూడక్కర్లేదు. పెద్ద లెన్సును సంచిలోంచి తీసే తీరు చూస్తే చాలు. చెయ్యి తిరిగినవాడు కెమెరా బాడీ జోలికి పోడు. లెన్సు అడుగున కాలరుకు ఉండే ఫుట్‌ను గుప్పిట్లోకి తీసుకుంటాడు, రెండో చెయ్యి హుడ్ కింద పెడతాడు, అప్పుడు లేపుతాడు. కొత్తవాడు కెమెరా గ్రిప్పు పట్టుకుని ఒక్క గుంజు గుంజుతాడు. నాలుగైదు కిలోల గాజూ లోహమూ ఆ చిన్న మౌంట్ రింగుకు వేలాడుతుంటే చూడలేక మొహం తిప్పేసుకుంటాను. ఎవరి డబ్బు వాళ్ళది, నాకెందుకని ఊరుకోవచ్చు. ఊరుకోలేను.

ఇంత బరువెందుకని అడిగేవాళ్ళకి లెక్క చిన్నదే. 600 ఎంఎం లెన్సు ఎఫ్/4 ఇవ్వాలంటే 600ను 4తో భాగించాలి. ముందు గాజు కనీసం 150 మిల్లీమీటర్ల వెడల్పుండాలి. దాని వెనక ఇంకొన్ని గాజులు, గొట్టం, మోటార్లు. 1999 నాటి కానన్ 600 బరువు 5,360 గ్రాములు, 2007 నాటి నికాన్‌ది 5,060. 2018లో కానన్ లోపలి గాజుల్ని కెమెరా వైపు జరిపి 3,050కి దించింది. నికాన్ 2022లో టెలీకన్వర్టర్‌ను లెన్సులోనే అమర్చి 3,260 గ్రాముల్లో ఇచ్చింది. నేను నికాన్ పక్షం, దాచుకునేదేమీ లేదు. కంటి దగ్గర్నుంచి కెమెరా తీయకుండా ఒక్క వేలితో మీట నొక్కితే 600 కాస్తా 840 అవుతుంది. దానికోసం ఇంకో 210 గ్రాములు మోయమంటే మోస్తాను. తెల్ల గొట్టాల కానన్‌వాళ్ళు ఏమైనా అనుకోనీ.

అయితే కాటా చూపే బరువు వేరు, చేతికి తెలిసే బరువు వేరు. పాత లెన్సుల్లో బరువంతా ముందు గాజు దగ్గరే. ఎడమ చెయ్యి కెమెరాకు దగ్గరగా పెడితే ముందుభాగం నేలకేసి లాగుతుంది, కాసేపటికే ముంజేయి వణుకుతుంది. కావడి మోసేవాడు బద్ద కింద భుజం ఎక్కడ పెట్టాలో కొలిచి చూసుకోడు. లెన్సు తూగే చోటు కూడా చేతికి అలా తెలిసిపోవాలి. కొత్త లెన్సుల్లో ఆ చోటు వెనక్కి జరిగింది గనక, పాత అలవాటుకొద్దీ ఇంకా హుడ్ దగ్గర పట్టుకునేవాళ్ళు కొన్న సుఖాన్ని వాడుకోనట్టే. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. కనుబొమ వ్యూఫైండర్ రబ్బరును నొక్కి ఉండాలి. ముఖ్యంగా, పక్షి వస్తుందేమోనని లెన్సు ఎత్తి పట్టుకుని ఎదురుచూడకూడదు. దించి ఉంచి, కళ్ళతో వెతికి, వచ్చాకే ఎత్తాలి.

నడిచేటప్పుడు స్ట్రాపు కెమెరాకు కాదు, లెన్సు మీది కొక్కేలకు తగిలించాలి. సంచికి నడుం బెల్టు తప్పనిసరి. బరువు తుంటి మీదికి దిగకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ట్రైపాడ్‌తో సహా భుజాన వేసుకుని నడిచే ధీరులున్నారు. క్లాంపు స్క్రూ వదులైతే లెన్సు పడేది వీపు వెనక, మనకు కనపడని వైపు. అడుగు వేసేముందు ఆ స్క్రూను వేళ్ళతో తడిమి చూసుకునేవాణ్ణి చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

తిరుపతి జిల్లా నేలపట్టులో నేను చూసిన ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టే కాలం. ట్రైపాడ్ మీద లెన్సును ఊగనిచ్చే గింబల్ హెడ్, దాని మీద పాత అయిదు కిలోల 600. ముందు హెడ్ మరలన్నీ వదులు చేసి లెన్సును ఊయలలా వదిలారు. ముందుకు వాలింది. ఫుట్‌ను వేలెడు వెనక్కి జరిపారు. మళ్ళీ వదిలారు. ఈసారి ఎటు తిప్పి వదిలితే అటే నిలిచింది. అంత బరువూ చిటికెన వేలికి లోబడింది! దూరాన గూడబాతు చుక్కలా ఉన్నప్పుడే ఫ్రేములోకి తీసుకున్నారు. ఎడమ అరచెయ్యి గొట్టం పైన, ట్రైపాడ్‌కు సరిగ్గా పైచోట, మెత్తగా అదిమి ఉంది, అదురు చేతిలోనే చచ్చిపోవడానికి. పాదాలు ముందే పక్షి దిగబోయే చెట్టువైపు పెట్టుకున్నారు గనక, వెనక్కి మెలితిరిగి ఉన్న ఒళ్ళు పక్షితోపాటు విచ్చుకుంటూ వచ్చింది. షట్టర్ మీద వేలు నొక్కలేదు, దొర్లింది. గూడబాతు రెక్కలు బిగబట్టి కాళ్ళు ముందుకు చాచిన క్షణంలో మూడో నాలుగో క్లిక్కులు, అంతే. పక్కనున్న కుర్రవాడి కెమెరా అప్పటికి వంద దాటి ఉంటుంది.

సఫారీ జీపులో ట్రైపాడ్ కుదరదు, అక్కడ బీన్ బ్యాగే దిక్కు. ఖాళీ సంచి తీసుకెళ్ళి అక్కడే బియ్యం కొని నింపుకోవడం తెలివైన పని. విమానంలో చేతిసంచికి ఏడు కిలోలంటారు, లెన్సూ బాడీ పెట్టేసరికే అది హరీమంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ బియ్యం గెస్ట్‌హౌస్ వంటవాడికిస్తే మరునాటికి సోనామసూరి అన్నమవుతుంది. ఇంజను ఆపించకుండా మాత్రం నొక్కకండి. 600 ఎంఎం కంటికి దొరికేది నాలుగు డిగ్రీల ప్రపంచమే, అంత ఇరుకులో డీజిల్ అదురు భూకంపమంత.

ఇక మహానుభావుల మాట. మద్రాసు ఎం.కృష్ణన్ రకరకాల భాగాలు తానే కూర్చి, ‘సూపర్ పాండరోసా’ అని పేరు పెట్టుకున్న బండ కెమెరాతో అడవి ఏనుగుల్ని నలుపు తెలుపుల్లో తీశారు. ఆటోఫోకస్ లేదు, అదురు ఆపే యంత్రం లేదు. ఎస్సెల్లార్ లెన్సుకు కానన్ ఆ యంత్రం పెట్టిందే 1995లో, కృష్ణన్ పోవడానికి ఏడాది ముందు. బెంగళూరు టి.ఎన్.ఎ.పెరుమాళ్ ఫిల్ము రోజుల్నుంచి 2017లో కన్నుమూసేదాకా ఎందరినో చెయ్యిపట్టి నడిపించారు. అమెరికాలో థామస్ మాంగెల్సన్ 1988లో అలాస్కా బ్రూక్స్ జలపాతం దగ్గర, ఎలుగుబంటి నోట్లోకి సాల్మన్ చేప ఎగిరి పడే చిత్రాన్ని ముందే మనసులో గీసుకుని, ట్రైపాడ్ మీద ఫ్రేము కట్టి కాపు కాశాడు. దొరికిందని తెలిసింది ఫిల్ము కడిగాకే. ఎలుగు చుట్టూ పరుగెత్తలేదు. నిలిచాడు!

ఇప్పుడేం చేస్తున్నాం? 2023లో నికాన్ 600 ఎంఎం లెన్సును కిలోన్నర లోపే ఇచ్చింది. మా పక్షమే గనక పొగడాలి. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి, నడిచి తిరిగేవాళ్ళకి అది వరం. కానీ అది ఎఫ్/6.3, వెలుగు తక్కువ రానిస్తుంది. పొద్దు పొడవకముందు మసక వెలుగులో పక్షి వెనకున్న రెల్లును పొగమంచులా కరిగించడం ఎఫ్/4 చేసినట్టు అది చెయ్యలేదు. చెయ్యలేని దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూసేస్తున్నారు. ఈకకు ఈక కొత్తగా మొలిపించి, వెనకంతా సబ్బునురగలా అలికి, ‘హ్యాండ్‌హెల్డ్’ అని గర్వంగా రాసుకుంటున్నారు. చేతులు వణికిన బొమ్మకు యంత్రం మేకప్ వేసింది, అందులో హ్యాండ్ ఎక్కడుందయ్యా?

ఇది ఇంకా నయం. దగ్గరికి వెళ్ళే ఓపిక లేక పక్షినే రప్పించేవాళ్ళున్నారు. మొబైల్లో కూత వినిపించి, పురుగుల్ని ముల్లుకు గుచ్చి, గూటికి అడ్డమని కొమ్మ నరికి! లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ పోటీలో 2009 నాటి విజేత ఫోటోలోని తోడేలు మచ్చికైనదే కావచ్చని తేల్చి బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2017లో గెలిచిన మరో ఫోటోలో చీమలు తినే జంతువు గడ్డి కుక్కిన బొమ్మేనన్న నిర్ధారణకు వచ్చి మరుసటేడు రద్దుచేశారు. అక్కడే అలా ఉంటే, ఒరిజినల్ ఫైలు కూడా అడగని మన వీధి చివరి పోటీల సంగతి చెప్పాలా?

హైదరాబాదు, విజయవాడ, విశాఖ కెమెరా క్లబ్బులవాళ్ళకి ఒక్క విన్నపం. పులికాట్‌కు ఫ్లెమింగోలొచ్చే లోపు, మెనూ సెట్టింగుల క్లాసుకు ముందు ఒక పూట కేటాయించండి. అయిదు కిలోల పాత 600 ఒకటి అద్దెకు తెచ్చి గింబల్ మీద పెట్టండి, మెమరీ కార్డు తీసేయండి. ఒక్కొక్కరి చేత దాన్ని తూకానికి తెప్పించండి, గాల్లో తిరిగే గద్ద వెంట తిప్పించండి. నేర్పడానికి పాతవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఇప్పుడు మెట్లెక్కడం కష్టం, మీటింగు కింది అంతస్తులో పెట్టండి.