వరుసలో ఐదు టిక్కీలు

చిలకలూరిపేట పల్లెల్లో తూకం చీటీ చూడని ఇల్లు అరుదు. ఈ కాలమ్ రాసే మనిషీ ఆ చీటీలు చదువుతూ పెరిగినవాడే. అందుకే జావా నేర్పమని బీటెక్ పిల్లలు వస్తే మొదటి లెక్క మిర్చి టిక్కీలదే, అంటే బస్తాలదే, ఇస్తాడు. 44, 46, 43, 45, 42 కిలోలు. అర్రేలో పెట్టి, ఒకే వరుసలో చూపించాలి.

అర్రే పేరును నేరుగా ప్రింట్‌ఎల్‌ఎన్‌కి ఇస్తే బరువులు రావు. ఓ చదరపు బ్రాకెట్, పక్కన పెద్ద ఐ, ఎట్ గుర్తు, వెనక అక్షరాలూ అంకెలూ కలగలిసిన ముద్ద కనిపిస్తాయి. అది మెమరీ చిరునామా అని చాలామంది చెప్పేస్తారు. కాదు. బ్రాకెట్టూ ఐ కలిస్తే ఇంట్ రకం అర్రే అని అర్థం. ఎట్ తర్వాతది హెక్సాడెసిమల్‌లో రాసిన హాష్‌కోడ్. అర్రేకి సొంత టుస్ట్రింగ్ లేదు, ఆబ్జెక్ట్ నుంచి వచ్చిందే దిక్కు.

2004లో జావా 5 ఈ తిప్పలు తీర్చింది. అర్రేస్ క్లాసులోని టుస్ట్రింగ్‌కి అప్పగిస్తే బ్రాకెట్ల మధ్య, కామాలతో ఐదూ వరుసగా వస్తాయి. అర్రేలో అర్రేలుంటే డీప్‌టుస్ట్రింగ్ వాడాలి.

అయినా నేర్చుకునేవాళ్లు ముందు లూప్ రాయాలన్నది ఈ కాలమ్ రాసేవాడి పట్టుదల. ప్రింట్‌ఎల్‌ఎన్ బదులు ప్రింట్ వాడితే అంకెలు ఒకే వరుసలోకి వస్తాయి. అసలు చిక్కు కామాతో. ప్రతి అంకె వెనకా కామా పెడితే 42 తర్వాత కూడా ఒకటి వేలాడుతుంది. చీటీ చూసిన రైతు, ఇంకో టిక్కీ లెక్క రాయడం మరిచారా అని అడుగుతాడు. అడగడం న్యాయమే.

కొందరు వరుసంతా కూర్చి, చివరి కామాని కోసేస్తారు. ఒక్క టిక్కీ కూడా రాని రోజు అర్రే ఖాళీ. కోయడానికేమీ లేక, పొడవు సున్నాకంటే తగ్గి ప్రోగ్రాం ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది. కామాని అంకెకు ముందు పెట్టి, ఇండెక్స్ సున్నా అయితే మానేస్తే ఆ బెడద ఉండదు.

వరుస పూర్తయ్యాక ఖాళీ ప్రింట్‌ఎల్‌ఎన్ ఒకటి రాయాలి. పిల్లలు ఎక్కువగా మరిచేది దీన్నే. అది లేకపోతే తర్వాతి రైతు మొదటి టిక్కీ 41 కిలోలు వచ్చి ఈ 42కి అతుక్కుంటుంది. చీటీలో 4241 కిలోల టిక్కీ కనిపిస్తుంది.