ప్రకరణం – విశేషస్మృతి: కృత్రిమ మేధ ఉద్దానాన్ని చదివే తీరుపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
కృత్రిమ మేధా సహాయకాలు నేడు పాత సంభాషణలను భద్రపరచుకొని, వాటి ఆధారంగా కొత్త ప్రశ్నలకు సమాధానాలు ఇస్తున్నాయి. సాహిత్య పరిశోధనలో ఈ సౌకర్యం పాఠం చదవకముందే అర్థాన్ని నిర్ణయించే ప్రమాదం ఉంది. భర్తృహరి పేర్కొన్న అర్థనిర్ణయ హేతువులను ఆధారంగాను, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఉదాహరణగాను తీసుకొని ఈ సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సహాయకానికి ఏ సందర్భాన్ని అందించాలి, ఏ స్మృతిని దూరంగా ఉంచాలి అనే నిర్ణయం పరిశోధకులదేనని, దానిని పరిశోధన పద్ధతిలో భాగంగా ప్రకటించాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రకరణం, స్మృతి, కృత్రిమ మేధ, ఉద్దానం, కళింగాంధ్ర, పరిశోధన పద్ధతి.

1. ప్రవేశిక:
పలాస–కాశీబుగ్గలో 'జీడి' అంటే జీడిమామిడే. పాత వైద్యగ్రంథాలలో అదే మాటకు భల్లాతకం, అనగా నల్లజీడి, అని అర్థం. రజకులు బట్టలకు గుర్తులు పెట్టడానికి వాడిన నల్లని రసం దానిదే. బెల్లంతో చేసే ఒక మిఠాయికి కూడా జీడి అనే పేరుంది. పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చెట్టు పాత మాటను తనవైపు తిప్పుకుంది. కనుక అంతకుముందరి గ్రంథంలో 'జీడి' కనిపిస్తే పలాస జీడితోటలను ఊహించడం కాలదోషం అవుతుంది. అనుభవమున్న పాఠకుడు ఈ పొరపాటు చేయడు. గ్రంథకాలం అతనిని ఆపుతుంది. అదే ప్రశ్నను కృత్రిమ మేధా సహాయకాన్ని అడిగినప్పుడు దానిని ఆపే కాలం, దేశం ఎక్కడి నుంచి రావాలి? ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న ఇదే.

2. భర్తృహరి దృష్టిలో సందర్భం:
అనేకార్థాలున్న శబ్దానికి ఒక్క అర్థాన్ని నిర్ణయించే హేతువులను వాక్యపదీయం ద్వితీయకాండ పేర్కొన్నది. సంసర్గం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం, ఔచిత్యం, దేశం, కాలం మొదలైనవి వాటిలో ఉన్నాయి. మమ్మటుడు కావ్యప్రకాశంలో వీటిని స్వీకరించడం వల్ల అలంకారశాస్త్ర విద్యార్థులకు ఇవి సుపరిచితాలు. రామలక్ష్మణులు అన్నప్పుడు రాముడు దాశరథి, ఇది సాహచర్యం. కార్తవీర్యార్జునునితో వైరం స్ఫురించేలా రామార్జునులు అన్నప్పుడు రాముడు పరశురాముడు, ఇది విరోధం.

ఈ హేతువులన్నింటికీ కలిపి వాడిన మాట 'విశేషస్మృతిహేతువులు'. శబ్దం వినగానే పలు అర్థాలు తలపుకు వస్తాయి. వాటిలో విశేషమైన ఒకదానిని మాత్రమే నిలిపేది సందర్భం. ఈ లెక్కన సందర్భం, స్మృతి వేర్వేరు గదులు కావు. సందర్భం చేసే పని స్మృతిని ఎంచడమే. నేటి సహాయకాల విషయంలో మనం మరచిపోతున్నది ఈ ఎంపికనే. ఎంత ఎక్కువ గుర్తుంటే అంత బాగా అర్థమవుతుందనే భావన పరిశోధక విద్యార్థులలో బలంగా ఉంది.

3. సహాయకం దేనిని గుర్తుంచుకుంటుంది?:
సహాయకం ఇచ్చే జవాబుకు స్థూలంగా నాలుగు ఆకరాలున్నాయి. మొదటిది, శిక్షణలో చదివిన పాఠరాశి. రెండవది, ప్రస్తుత సంభాషణలో మనం ఇచ్చిన పాఠం; దీనికి కాంటెక్స్ట్ విండో అనే పరిమితి ఉంది. మూడవది, ప్రశ్నకు తగిన పత్రాలను బయటి భాండారం నుంచి వెదకి తెచ్చుకోవడం. 2020లో ప్యాట్రిక్ లూయిస్ బృందం ప్రతిపాదించిన పద్ధతి దీనికి ప్రసిద్ధమైన రూపం. నాలుగవది, సంభాషణ ముగిసినా నిలిచే స్మృతి. చాట్‌జీపీటీలో ఇది 2024 ఫిబ్రవరిలో పరీక్షార్థం మొదలై, 2025 ఏప్రిల్‌లో పాత సంభాషణలను ఆధారం చేసుకొనే స్థాయికి విస్తరించింది.

మొదటి ఆకరంపై పరిశోధకునికి అధికారం లేదు. మిగిలిన మూడింటిపై ఎంతో కొంత ఉంది. అయితే రెండు సాంకేతిక విషయాలను గమనించాలి. పాఠం పెద్దదైనప్పుడు మొదట్లోను చివరలోను ఉన్న విషయాన్ని నమూనాలు బాగా వాడుకొని, నడుమ ఉన్నదానిని తరచుగా జారవిడుస్తాయని 2023లో నెల్సన్ లియూ బృందం చూపింది. ఇక రెండవది లిపికి సంబంధించినది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు; తెలుగు సంకేతానికి మూడు కావాలి. 'స్మృతి' అనే మాటలో ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు ఉన్నాయి. కొత్త నమూనాలలో ఈ అంతరం తగ్గుతున్నా, సాధారణంగా తెలుగు పాఠం టోకెన్లుగా ఎక్కువ ముక్కలై పరిధిని త్వరగా నింపుతుంది. కాబట్టి అన్నీ అందించి ఊరుకోవడం తెలుగు పరిశోధకునికి మరింత నష్టం.

4. ఉద్దానం – ఒక అర్థం మిగతావాటిని కప్పిన తీరు:
ఉద్దానం అనే పేరు 'ఉద్యానం' నుంచి వచ్చిందని ఆ ప్రాంతంలో చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటల వల్ల ఆ వ్యుత్పత్తి సహజంగా తోస్తుంది. కానీ గత రెండు దశాబ్దాలలో ఈ ప్రాంతం గురించి బయటివారు రాసినదానిలో అధికభాగం మూత్రపిండాల వ్యాధి చుట్టూ తిరిగింది. కారణం ఇదమిత్థంగా తేలని ఈ దీర్ఘకాలిక వ్యాధి కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలను పీడిస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇది రాయవలసిన విషయమే. అయితే రాసినది ఇదే ఎక్కువైనప్పుడు, శిక్షణలోను వెదకులాటలోను 'ఉద్దానం' అనే మాట వెంట 'వ్యాధి' అనే మాటే సహచరంగా నిలుస్తుంది. సాహచర్యమనే ఒక్క హేతువు కాలాన్ని, ప్రకరణాన్ని పక్కకు నెడుతుంది.

ఆ నెట్టివేతలో పోయేవి చిన్నవి కావు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ వెంటనే, ఏప్రిల్ 1న, మందస జమీందారీకి వ్యతిరేకంగా సాగిన రైతాంగ పోరాటంలో గుడారి రాజమణిపురం వద్ద సాసుమాన గున్నమ్మ పోలీసు కాల్పులలో మరణించింది. బొడ్డపాడుతో ముడిపడిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమ వాహికగా మలచి, 1969లో చనిపోయాడు. టెక్కలి వైపు తేలినీలాపురానికి ఏటా వచ్చే విదేశీ పక్షులు, నౌపడ ఉప్పుమళ్లు మరొక జీవితాన్ని చెబుతాయి. వీటిలో ఏదీ వ్యాధి ప్రకరణంలో ఇమడదు.

5. ఒక వాక్యం – మూడు ప్రకరణాలు:
ఉదాహరణకు నేను కల్పించిన ఒక వాక్యాన్ని తీసుకుందాం: "జీడిబట్టీ నుంచి వచ్చిన ఆమె నీళ్లయినా ముట్టకుండా అరుగుమీద కూలబడింది." ఒక పరిశోధక విద్యార్థి కొన్ని నెలలుగా తన బంధువు రక్తపరీక్షల గురించి, ఉద్దానం నీటి గురించి సహాయకాన్ని అడుగుతూ వచ్చాడనుకుందాం. అదే ఖాతాలో ఈ వాక్యానికి వ్యాఖ్య కోరితే, కూలబడడం రోగలక్షణంగాను, నీళ్లు ముట్టకపోవడం కలుషిత జలభయంగాను వ్యాఖ్యానం వచ్చే అవకాశం ఎక్కువ. ఆ వ్యాఖ్యానం తప్పని చెప్పలేము. కానీ అది కథ నుంచి పుట్టలేదు. పాఠకుని సొంత ఆందోళన నుంచి పుట్టింది. సహాయకం దానికి విమర్శ పరిభాషను తొడిగింది.

ఇదే వాక్యానికి ముందు జీడిపని ప్రక్రియను ఉంచి చూడాలి. పిక్కను వేడిచేయడం, పగలగొట్టడం, పప్పుపై పొర తీయడం, రకాలుగా వేరుచేయడం, పెంకులోని ఘాటైన నూనె చేతులను కాల్చడం తెలిసిన పాఠకునికి ఆ కూలబడడం శ్రమకథ అవుతుంది. నీళ్లు ముట్టకపోవడానికి కాలిన చేతులే కారణం కావచ్చు. మూడవసారి కథాకాలాన్ని 2018 అక్టోబరు 11 తరువాతి రోజులుగా తెలిపితే, పలాస పరిసరాలలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను కూల్చిన నేపథ్యం వస్తుంది. అప్పుడు ఆమె బట్టీకి వెళ్లి పని లేక తిరిగివచ్చిన మనిషి కావచ్చు. వాక్యం ఒక్కటే, మారినది విశేషస్మృతిహేతువు.

6. ఒక అభ్యంతరం:
సందర్భాన్ని పరిశోధకుడే ఎంచితే, తనకు కావలసిన జవాబే వస్తుంది కదా అనే అభ్యంతరం సమంజసమైనదే. దీనికి సమాధానం విప్రయోగంలో ఉంది. 'హరి' శబ్దానికి విష్ణువు, సింహం మొదలైన అర్థాలున్నాయి. శంఖచక్రాలు లేని హరి అన్నా విష్ణువే స్ఫురిస్తాడు; ఎందుకంటే అవి ఉన్నవానికే లేకపోవడం చెప్పగలం. తీసివేత కూడా అర్థాన్ని సూచిస్తుందని దీని భావం. కాబట్టి వ్యాధి సందర్భాన్ని దాచడం పరిష్కారం కాదు. దాచితే మరొక అబద్ధం పుడుతుంది. అదే ప్రశ్నను స్మృతి నిలిపివేసి ఒకసారి, వ్యాధి సందర్భంతో ఒకసారి, శ్రమ సందర్భంతో ఒకసారి అడిగి, జవాబులు ఎక్కడ విడిపోయాయో చూడాలి. విడిపోయిన చోటునే మూలపాఠంతో సరిచూడాలి. అక్కడి నుంచి విమర్శకుని పని మొదలవుతుంది.

7. ఇతరుల జీవితాలు:
ఈ చర్చకు సాహిత్యేతర పార్శ్వం కూడా ఉంది. క్షేత్రపర్యటనలో సేకరించిన జీవితకథలను సారాంశం కోసం సహాయకానికి అప్పగించడం మామూలవుతున్నది. అందులో ఒక స్త్రీ పేరు, ఊరు, డయాలసిస్ వివరాలు ఉండవచ్చు. ఆమె తన కథను ఒక విద్యార్థికి చెప్పింది, యంత్రస్మృతికి ఇవ్వలేదు. కొన్ని సహాయకాలలో సంభాషణను తొలగించినా, దాని నుంచి తీసి భద్రపరచిన స్మృతి విడిగా నిలిచి ఉంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం తన సమాచారాన్ని తొలగింపజేసుకొనే హక్కును వ్యక్తికి గుర్తించింది. పరిశోధనకు చట్టం కొన్ని మినహాయింపులిచ్చినా నైతిక బాధ్యతకు మినహాయింపు లేదు. పేరు, ఊరు, వైద్య వివరాలు తీసివేయకుండా ఏ మౌఖిక కథనాన్నీ సహాయకానికి ఇవ్వరాదు.

8. ముగింపు:
వ్రాతప్రతి ఆధారంగా పరిష్కరణ చేసిన పండితుడు ఏ ప్రతిని చూశాడో, ఏ పాఠాన్ని వదిలాడో పీఠికలో చెబుతాడు. కృత్రిమ మేధను వాడిన సిద్ధాంతవ్యాసం కూడా అదే పని చేయాలి. ఏ పత్రాలు ఇచ్చారు, స్మృతిని నిలిపివేశారా, ఏ సందర్భాలతో ప్రశ్నను మార్చి అడిగారు అనే వివరాలు పద్ధతి అధ్యాయంలో ఉండాలి. పరిశోధన అవసరాలకు సొంత వ్యవహారాలతో కలవని ప్రత్యేక ఖాతా వాడాలి. ప్రతి పాఠానికి రచయిత, కాలం, ప్రదేశం జతచేసి, కీలక భాగాన్ని నడుమ కాక మొదట్లోనో చివరనో ఉంచాలి. పర్యవేక్షకులు ఈ వివరాలను అడగడం అలవాటు చేసుకోవాలి.

ఈ నేలకు దగ్గరలోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి సవర భాషను నేర్చుకున్నారు. ఆయన ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట ఉంచుకొని, విని, అడిగి, రాసుకున్నారు. ఉద్దానం గురించి సహాయకం చెప్పినదానిని కూడా చివరకు ఉద్దానం మనిషి దగ్గరకే తీసుకువెళ్లాలి. ఆమె "అలా కాదు" అంటే, దిద్దుకోవలసినది మన వ్యాఖ్యానమే.