తాటాకు చిల్లు, సూది బెజ్జం

మా అమ్మమ్మది కోనసీమలో తాటాకిల్లు. వేసవి మధ్యాహ్నాలు తలుపు చేరేసి మమ్మల్ని పడుకోబెట్టేది. నిద్ర ఎక్కడిది? అలికిన నేల మీద రూపాయి బిళ్లల్లా ఎండ పొడలు పడుతుంటే వాటిని అరచేతిలోకి పట్టుకోవడమే మా ఆట. పైకి చూస్తే చిల్లులన్నీ అడ్డదిడ్డంగా ఉండేవి. ఆకు చీలిన చోట ఒకటి, ఎలుక కొరికిన చోట ఒకటి. కింద మాత్రం అన్నీ గుండ్రమే. ఎందుకని అడిగితే, "సూరీడు గుండ్రంగా ఉంటాడు కదే, మరి!" అనేది.

పిల్లల నోరు మూయించడానికి అంటోందనుకున్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నేల మీద పడ్డది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. చిల్లు నుంచి బొమ్మ ఎంత దూరంలో పడుతుందో దాన్ని సుమారు 108తో భాగిస్తే ఆ బొమ్మ వెడల్పు వస్తుంది. మిట్టమధ్యాహ్నం పదడుగుల ఎత్తు కప్పు నుంచి పడితే అంగుళం పైచిలుకు, అంటే రూపాయి బిళ్లంత. 2019 డిసెంబరు 26న పాక్షిక గ్రహణం పట్టిన పొద్దున మామిడిచెట్టు కింద నిలబడి చూశాను. ఆకుల సందుల్లోంచి పడే పొడలన్నీ నెలవంకలైపోయాయి. ఆ వేళ అమ్మమ్మ ఉంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించేదాన్ని.

ఆ కప్పు మీద నాకు బెంగ ఉంది గానీ, ఆ ఇల్లు మళ్లీ కావాలని మాత్రం అనను. ఎండ దిగిన చిల్లుల్లోంచే వానా దిగేది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపానులో ఆ కప్పు లేచిపోయింది. తర్వాత శ్లాబు వేశారు. శ్లాబు కింద అమ్మమ్మ హాయిగా నిద్రపోయింది. నేల మీద సూర్యుళ్లు మాత్రం ఆగిపోయాయి.

ఇప్పుడు నా దగ్గరున్న పాలపొడి డబ్బా కెమెరా ఆ ఇల్లేనని నా నమ్మకం. లోపలంతా నల్లరంగు వేశాను. పక్కన చిన్న కిటికీ కోసి, కూల్‌డ్రింకు టిన్నులోంచి కత్తిరించిన రేకు ముక్క అంటించాను. ప్రాణమంతా ఆ రేకులోనే ఉంది. కింద రబ్బరు పెట్టి, అన్నిటికంటే సన్నసూది మొన మాత్రమే దిగేలా తిప్పుతూ పొడవాలి. వెనక లేచిన అంచును ఎమరీ పేపరుతో అరగదీసి, మళ్లీ సూది తిప్పాలి. డబ్బా అడ్డకొలత పది సెంటీమీటర్లయితే బెజ్జం అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువ ఉండాలి. పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది. మరీ చిన్నదైనా అంతే, వెలుగు బెజ్జం అంచుల దగ్గర చెదిరిపోతుంది. మొదటి రేకులు పదకొండు పారేశాను. పన్నెండోది ఇప్పటికీ పనిచేస్తోంది. దాని మీద నల్లటేపు ముక్కే షట్టరు. కటకం లేదు, ఫోకస్ లేదు. గట్టుమీది గడ్డిపరకా అవతలి ఒడ్డూ ఒకే స్పష్టతతో వస్తాయి.

మూతపడ్డ ఒక స్టూడియోలో గడువు తీరిన ఫొటో పేపరు దొరికింది. ఎర్ర బల్బు వెలుగులో ముక్కలు కోసి, బెజ్జానికి ఎదురుగోడకు వంచి పెడతాను. కడిగేది కాఫీతోనే. ఇన్‌స్టంట్ కాఫీపొడి, చాకలి సోడా, విటమిన్ సి కలిపితే డెవలపరు అవుతుంది. 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్ అనే ఆచార్యుడి తరగతి కాఫీ డెవలపరును రాబట్టింది. కాఫీ పరిమళం ఊహించుకోకండి, ఆ మూడూ కలిస్తే ముక్కు మూసుకోవాలి. డెవలపరుకు మామూలుగా ఇరవై డిగ్రీలు చెబుతారు. రాజమండ్రి మే నెలలో కుళాయి నీళ్లే సలసలమంటుంటే ఇరవై ఎక్కడ తేను? ట్రేను కుండనీళ్ల తొట్టిలో నిలబెడతాను. ఆఖరికి బొమ్మ నిలవడానికి హైపోలో వేసి, నీళ్లలో కడిగి, దండెం మీద ఆరేస్తాను. వచ్చేది తిరగబడ్డ బొమ్మ, ఆకాశం నల్లగా, నీడ తెల్లగా. ఇంకో పేపరు మీద పెట్టి వెలుగు చూపిస్తే మళ్లీ సరి అవుతుంది.

ఒక పొద్దున పుష్కరాల రేవులో డబ్బాను ఇటుక మీద పెట్టి, ఎండ వీపున తగులుతుండగా టేపు తీశాను. నాలుగు నిమిషాలు. ఎదురుగా రెండు వంతెనలు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైలు నడవడం లేదు. పక్కనే ఇరవై ఎనిమిది విల్లుల కొత్త వంతెన. టేపు తీసి ఉండగానే దాని మీద ప్యాసింజరు వెళ్లింది, చప్పుడు నీళ్ల మీదుగా కడుపులోకి వచ్చింది. ఒక పడవ దాటింది. నలుగురు మునకేసి లేచారు. ఇంటికొచ్చి కడిగి చూస్తే పడవ లేదు, మనుషుల్లేరు. రైలు పోయిన చోట పొగచారలాంటి మరక, అదీ వెతికితేనే. గోదారి అలల్లేకుండా మీగడ కట్టినట్టుంది. పని మానేసిన వంతెనా పనిచేస్తున్న వంతెనా పక్కపక్కన ఒక్కలాగే నిలబడ్డాయి. ఎన్ని వందలసార్లు ఆ రేవుకెళ్లి ఉంటాను! హేవలాక్‌ని పాతబడ్డ ఇనుముగా కాకుండా వంతెనగా చూడటం నాకు అదే మొదలు.

ఇదే బెజ్జం మాయతో హంపి విరూపాక్ష ఆలయంలో చీకటిగదిలో గోపురం తలకిందులుగా గోడ మీద పడుతుంది. మనవాళ్లు బస్సులు కట్టించుకుని వెళ్లి చూసొస్తారు. వెయ్యేళ్ల కిందట కైరోలో ఇబ్న్ అల్ హైతమ్ ఒక బెజ్జం బయట దీపాలు వరుసగా పెట్టి, ఒక్కోటి మూసి చూస్తూ, వెలుగు తిన్నగా నడుస్తుందని తేల్చాడు. మన బడిపిల్లలు అట్టపెట్టెకు బెజ్జం పొడిచి నూనె రాసిన కాగితం మీద దీపాన్ని తలకిందులుగా చూస్తారు. అక్కడితో ఆపకండి. ఒక్క ఫొటో పేపరు ముక్క లోపల పెట్టి వాళ్ల చేతికివ్వండి. బొమ్మ తేలుతున్నప్పుడు ఆ ఎర్ర చీకట్లో పిల్లల ముఖాలు చూడాలి.

ధవళేశ్వరం దగ్గర వల అల్లుతున్న ఒక పెద్దాయనను అడిగాను. "రెండు నిమిషాలు కదలకుండా కూర్చుంటారా?" "కూర్చుంటానండి, చేతులాపమనకండి" అన్నారు. వారం తర్వాత బొమ్మ తీసుకెళ్లి ఇచ్చాను. ముఖం కొంచెం చెదిరింది. వల కుప్ప ముడి ముడికీ వచ్చింది. చేతులున్న చోట తెల్లటి పొగ.

"నా చేతులేవండీ?"

చెప్పాను. అయితే ఇంకోటి తియ్యమన్నారు. ఈసారి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని బిగదీసుకు కూర్చున్నారు. అందులో పది వేళ్లూ వచ్చాయి, గోళ్లతో సహా. అదీ తీసుకెళ్లి ఇస్తే రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. పొగ చేతుల బొమ్మను చొక్కా జేబులో పెట్టుకుని, రెండోది నాకు తిరిగిచ్చేశారు. "ఇందులో ఖాళీగా ఉన్నానండి" అన్నారు. మళ్లీ వల అందుకున్నారు.