ఎర్ర బటన్

మేనల్లుడి కోసం కట్టిన గేమ్ పెట్టెకి ముందువైపు ఎర్రటి రీసెట్ బటన్ బిగించాను. దాని వెనక తీగ లేదు, ఉత్త అలంకారం. లోపలున్నది రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డు, అందులో పాత ఆటలు ఆడించే రెట్రోపై సాఫ్ట్‌వేర్. మూడు నెలలు గడిచాక ఓ ఆదివారం వాడు నాలుగుసార్లు నొక్కి చూసి, "ఇది పనిచెయ్యదేంటి మామయ్యా?" అన్నాడు. ఏం చెప్పను?

ఆ బోర్డు మీద 'రన్' అని రెండు చిల్లులుంటాయి. వాటిని కలిపితే ప్రాసెసర్ మళ్లీ మొదలవుతుంది. రెండు తీగలు సోల్డర్ చేశాను. వారం రోజులు దివ్యంగా పనిచేసింది. ఆ తర్వాత, బోర్డు తన మెమరీ కార్డు మీద ఏదో రాసుకుంటున్న క్షణాన వాడు నొక్కాడు. కార్డు పాడైపోయింది. తప్పు వాడిది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పటి మా డూప్లికేట్ ఫామికామ్. రీసెట్ నొక్కినా మారియో టాప్ స్కోరు చెరిగేది కాదు, స్విచ్ ఆపితేనే పోయేది. 1983లో నింటెండో తెచ్చిన అసలు యంత్రంలో రీసెట్ ప్రాసెసర్‌ని మొదటికి పంపుతుందే గానీ 2 కిలోబైట్ల ర్యామ్ జోలికి పోదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ లేస్తూనే, తను వదిలిన గుర్తు ర్యామ్‌లో ఉందా అని వెతుక్కుంటుంది. ఉంటే స్కోరు అట్టేపెట్టి ఆట మాత్రం కొత్తగా మొదలెడుతుంది. మా అత్తయ్య అలక కూడా ఇలాగే ఉండేది. మర్నాటికి నవ్వుతూ మాట్లాడేది, అన్న మాట మాత్రం మర్చిపోయేది కాదు.

నాకు కావలసింది ఆ రీసెట్. రన్ తీగలు పీకేసి 39, 40 పిన్నులకు మార్చాను. ఒకటి గ్రౌండ్, రెండోది జీపీఐవో 21. పైథాన్‌లో పన్నెండు లైన్లు రాశాను. నొక్కితే, ఆటను నడిపే రెట్రోఆర్చ్‌కి 55355 పోర్టులో 'రీసెట్' అన్న ఒక్క మాట వెళ్తుంది. ఆట మొదటికొస్తుంది, కింద నడిచే లినక్స్‌కి ఆ సంగతే తెలియదు. నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే పద్ధతిగా షట్‌డౌన్. (సెట్టింగుల్లో నెట్‌వర్క్ కమాండ్స్ ఆన్ చెయ్యడం మర్చిపోయి, ఓ రాత్రంతా తీగల్ని తిట్టాను.) కంట్రోలర్ మీద సెలెక్ట్, బి కలిపి నొక్కినా ఇదే జరుగుతుంది, తెలుసు. కానీ అందులో టక్కుమనే చప్పుడేదీ?

మొన్న వాడొచ్చి వరసగా ఆరుసార్లు నొక్కాడు.

"మామయ్యా, నీ స్కోరు పోవట్లేదు" అన్నాడు, కాస్త నిరాశగా.